ఇచ్చినవారు రాజులు, కాచేవారెవరు?



ఉద్యోగ విరమణ తరువాత ఏడాదిలో నాలుగైదు నెలలు హైదరాబాదులో, ఫిల్మ్‌నగర్‌లోని మా అబ్బాయి ఇంట గడుపుతుంటాను. అక్కడ ఉన్నన్నాళ్ళూ వేకువనే జూబిలీహిల్స్ మీదుగా కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం దాకా వెళ్ళి రావడం అలవాటు. నగరవాసులు క్లుప్తంగా కె.బి.ఆర్. పార్కు అంటారు. లోపలి బాటలకు టిక్కెట్టు ఉన్నది. ప్రహరీ వెలుపలి నడకదారికి ఏ రుసుమూ లేదు. ఉపాధ్యాయుని పింఛనుదారు కావడం చేత నేను వెలుపలి దారి మనిషిని. ఆ దారిలో నడుస్తుంటే ఒక చెవిన నెమలి క్రేంకారం, రెండవ చెవిన మోటారు హారను వినిపిస్తాయి. ఈ రెండింటి నడుమ ఉన్నది ఒక్క గోడ.

క్రిందటిసారి మా మనవడు కూడా వెంట వచ్చాడు. వాడికి పదేళ్ళు. ఆదివారాలు వీధిలోనే క్రికెట్టు ఆడతాడు, కారు వచ్చినప్పుడల్లా వికెట్లు పీకి పక్కన పెడతాడు. గోడ పక్కన నడుస్తూ, "తాతయ్యా, ఇంత పెద్ద పార్కు ఎవరిచ్చారు?" అని అడిగాడు. నేను ఆలోచించకుండా, "నిజాం ప్రభువులు ఇచ్చారు నాన్నా" అన్నాను. ఇంటికి వచ్చి కాఫీ తాగుతుంటే మనసున ముల్లు గుచ్చుకున్నట్లయింది. ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాడిని, సొంత మనవడికి తప్పు చెప్పినాను. తోట నిజాముల వంశీయులదే, నిజం. కాని 'ఇచ్చారు' అన్న క్రియాపదం తప్పు. ఆ ఒక్క క్రియాపదాన్ని సరిదిద్దబోయి ఇంత దూరం వచ్చాను. ఆ సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా పాత మాట ఒకటి. మన పూర్వులు సప్తసంతానాలు అని ఏడింటిని లెక్కించారు. కన్నకొడుకుతో సమానంగా మనిషి పేరును నిలిపేవి అవి. చెరువు, గుడి, కావ్యం, నిధి, బ్రాహ్మణ ప్రతిష్ఠ - వీటి సరసన వనం కూడా ఉన్నది. అంటే తోట వేయించడం కొడుకును కనడంతో సమానం. అయితే శాసనాలు చదివిన వారికి మరొక సంగతి కూడా తెలుసు. దాత పేరు, ప్రతిగ్రహీత పేరు, భూమికి నాలుగు దిక్కుల ఎల్లలు, దానితోపాటు సంక్రమించే అష్టభోగాలు, సాక్షులు - ఇవన్నీ చెప్పిన తరువాత చాలా దానశాసనాల చివర ఒక హెచ్చరిక ఉంటుంది. తాను ఇచ్చినదైనా, ఇతరులు ఇచ్చినదైనా అపహరించినవాడు అరవైవేల ఏండ్లు మలంలో పురుగై పుడతాడు. గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోతాడు. ఇంత ఘాటైన తిట్టు ఎందుకు? ఇవ్వడం ఒక్కరోజు పని, కావడం వేయేండ్ల పని అని వారికి అనుభవం మీద తెలుసు గనుక.

ఆ శాపవాక్యాల పక్కనే మరొక మాట కూడా చాలా శాసనాలలో కనిపిస్తుంది. దానానికీ దాని పాలనకూ నడుమ పాలనమే శ్రేష్ఠమనీ, దానం చేసినవాడికి స్వర్గమైతే దానిని కాపాడినవాడికి అంతకన్న ఉన్నతమైన అచ్యుతపదమనీ దాని తాత్పర్యం. ఈ మాటను తొమ్మిదవ తరగతి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. చెప్పినవాడికి అర్థమైనదా అంటే, ఆ సంగతి చివర మనవి చేస్తాను.

ఇప్పుడు కె.బి.ఆర్. పార్కు సంగతి. అది చిరాన్ ప్యాలెస్ ఆవరణ. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరిలో మరణించారు. కొడుకులను కాదని మనుమడు ముకర్రం జాను వారసునిగా ఎంచుకున్నారు. రాజ్యం 1948లోనే పోయినది. 1971లో రాజ్యాంగ సవరణతో రాజభరణాలు, బిరుదులు కూడా పోయినవి. మిగిలినవి భవనాలు, భూములు, వాటి చుట్టూ అల్లుకున్న వ్యాజ్యాలు. ముకర్రం జా ఈ చికాకులు విడిచి ఆస్ట్రేలియాలో పెద్ద గొర్రెల క్షేత్రం కొనుక్కొని చాలాకాలం అక్కడ గడిపారు. తరువాత తుర్కీ చేరారు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే, పార్థివ దేహాన్ని హైదరాబాదు తెచ్చి మక్కా మసీదు ఆవరణలో పూర్వీకుల పక్కన ఖననం చేశారు.

యజమాని దూరదేశంలో ఉండగా ఇక్కడ రాళ్ళ నడుమ, తుప్పల నడుమ ఆ ఆవరణ ఎవరూ పట్టించుకోని అడవిగా పెరిగినది. చుట్టూ ఉన్న గుట్టలు మాత్రం చకచకా మారినవి. అంతకు ముందు, నిజాము కాలంలో, మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో బండలను పగులగొట్టకుండా వాటినే గోడలుగా నిలుపుకొని ఇల్లు కట్టుకున్నప్పుడు, ఊరికి దూరంగా ఆ రాళ్ళలో ఎవరుంటారని నవ్వినవారు ఉన్నారట. 1960లలో సహకార గృహనిర్మాణ సంఘం ఆధ్వర్యంలో జూబిలీహిల్స్ లేఅవుటు మొదలైనది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పారు. చిత్రపరిశ్రమ చెన్నపట్టణం నుంచి విడతలు విడతలుగా తరలి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో స్థిరపడినది. గజం స్థలం ధర ఏ ఏటికి ఆ ఏడు పెరిగిపోతున్న ఆ రోజుల్లో నడిబొడ్డున వందల ఎకరాల తుప్పలు మిగలడం వింత కాదా?

మిగిల్చినది చట్టం. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం కింద ఆ ఆవరణలో అధికభాగం ప్రభుత్వపరమైనది. 1998లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సుమారు 142 హెక్టార్లను, అంటే మూడువందల యాభై ఎకరాలను, జాతీయ వనంగా ప్రకటించారు. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారి పేరు పెట్టారు. ఈ 'జాతీయ వనం' అన్న మాట అలంకారం కాదు. ఆ చట్టం ప్రకారం జాతీయ వనం ఎల్లలను రాష్ట్ర ప్రభుత్వం తనంత తాను మార్చజాలదు, జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు ఉండితీరాలి. శాసనంలోని నాలుగు దిక్కుల ఎల్లలు, తరువాతి శాపవాక్యం - రెండూ ఇందులో ఉన్నట్లే.

కనుక మనవడికి చెప్పవలసిన సమాధానం ఇది: "నాన్నా, రాజుగారు ఇచ్చినది కాదు. చట్టం తీసుకున్నది, మరొక చట్టం కాస్తున్నది."

అయితే రాజులు తోటలు ఇవ్వలేదా? ఇచ్చారు. నిజంగా ఇచ్చిన తోట నాంపల్లిలో ఉన్నది. దాని పేరు బాగె ఆమ్, పబ్లిక్ గార్డెన్స్. తొలిసారి ఆ పేరు విన్నప్పుడు, కోస్తావాడిని కావడం చేత, మామిడితోట కాబోలు అనుకున్నాను. ఉర్దూ తెలిసిన మిత్రుడొకరు నవ్వి, ఆ 'ఆమ్' పండు కాదు, సర్వసామాన్యం అని అర్థం చెప్పారు. అందరి తోట. నిజాముల కాలంలో వెలసిన ఎంత చక్కని పేరు!

ఆ అందరి తోటలో ఏమైనదో చూడండి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ నలభయ్యవ జన్మదిన స్మారకంగా 1905లో అక్కడ టౌనుహాలుకు పునాది పడినది. 1913లో పూర్తయినది. అదే తరువాత శాసనసభాభవనం. అదే కాలంలో జూబిలీ హాలు లేచినది. 1920 నాటి మరొక భవనంలో 1930లో పురావస్తుశాల తెరచారు. మసీదు వెలసినది. స్వతంత్రం వచ్చిన తరువాత బాలభవన్ వచ్చినది. రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా లలితకళాతోరణం వచ్చినది. వీటిలో చెడ్డది ఒక్కటైనా ఉన్నదా? శాసనసభ ప్రజలది. పురావస్తుశాల విజ్ఞానానికి నిలయం. బాలభవన్‌లో పిల్లలు పాటలు నేర్చుకుంటారు. తోరణంలో నేను కూడా సభలు విన్నాను, చప్పట్లు కొట్టాను. ఒక్కొక్కటి విడిగా చూస్తే సత్కార్యమే. అన్నీ కలిపి చూస్తే తోట తరిగినది.

ఇక్కడే నాకు అసలు సంగతి తట్టినది. తోటను మ్రింగేది ఎప్పుడూ దుర్మార్గం కాదు. దుర్మార్గుడైతే పదిమంది అడ్డుపడతారు. తోటను మ్రింగేది చాలాసార్లు మరొక సత్కార్యం. దానికి అడ్డుపడేవాడు లోకానికి చెడ్డవాడిగా కనబడతాడు.

చిత్రపరిశ్రమ పుట్టిల్లు చెన్నపట్టణం గనుక అక్కడి ఉదాహరణ ఒకటి చెబుతాను. 1859 ప్రాంతంలో గవర్నరు ట్రెవెల్యన్ చెన్నపట్టణంలో పీపుల్స్ పార్కు ఏర్పరచాడు. విస్తీర్ణం సరిగ్గా మన సంభావన లెక్క: నూటపదహారు ఎకరాలు. లోపల కొలనులు, బాటలు, జంతుశాల ఉండేవి. 1880లలో ఆ తోట భూమిలోనే పట్టణానికి ఒక సభాభవనం కావాలని పెద్దలు తలపెట్టారు. దానికి శంకుస్థాపన చేసినది మన విజయనగర ప్రభువు, పూసపాటి ఆనంద గజపతిరాజుగారు. గురజాడవారు కన్యాశుల్కాన్ని అంకితమిచ్చినది ఈయనకే. అదే విక్టోరియా పబ్లిక్ హాలు. ఎర్రయిటుకల సుందరభవనం, ఎన్నో నాటకాలకు రంగస్థలం. అటువంటి దాతను తప్పుపట్టడానికి నోరెట్లా వస్తుంది? కాని ఆ తరువాత మూర్ మార్కెట్టు వచ్చినది, నగర పాలక సంస్థవారి రిప్పన్ భవనం వచ్చినది, క్రీడాప్రాంగణం వచ్చినది. 1985లో మూర్ మార్కెట్టు అగ్నికి ఆహుతైతే ఆ స్థలం మళ్ళీ తోట కాలేదు, రైల్వేది అయినది. ఇవాళ సెంట్రల్ స్టేషను దిగి పీపుల్స్ పార్కు ఎక్కడ అని అడిగితే దారి చెప్పేవారు కనబడరు. నూటపదహారు ఎకరాల సంభావన ఎవరి జేబులో పడినదో ఎవరికీ తెలియదు.

ఇంగ్లండు రాజుల కథలో ఈ చిక్కుకు ఒక విరుగుడు కనిపించినది. అక్కడి పాత ముచ్చట ఒకటి చెబుతారు. రెండవ జార్జి భార్య కెరోలిన్ రాణికి లండనులోని సెయింట్ జేమ్స్ పార్కును ప్రజలకు మూసివేసి అంతఃపురపు తోటగా చేసుకోవాలని కోరిక పుట్టినదట. ఎంత ఖర్చవుతుందని ప్రధాని వాల్‌పోల్‌ను అడిగితే, మూడే కిరీటాలు అన్నాడట ఆయన. వారి భాషలో 'క్రౌన్' అంటే నాణెమూ, కిరీటమూ కూడాను. ఆ రాజ్యంలో కిరీటాలు మూడు - ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు. తోట మూస్తే మూడూ పోతాయని శ్లేష. మన తెనాలి రామకృష్ణుని కథలలో చేర్చదగిన సమాధానం.

అంతకన్న ముఖ్యమైనది ఇరవయ్యవ శతాబ్దపు కథ. మొదటి ప్రపంచయుద్ధం తరువాత అక్కడి పట్టణాలలో పిల్లలు ఆడుకునే నేల కరవైనదని గుర్తించి 1925లో జాతీయ క్రీడాక్షేత్రాల సంఘం స్థాపించారు. అది ప్రభుత్వ శాఖ కాదు, ధర్మసంస్థ. రాజుగారి రెండవ కుమారుడు యార్క్ డ్యూక్ దాని తొలి అధ్యక్షుడు. తరువాత ఆరవ జార్జిగా సింహాసనమెక్కినది ఆయనే. 1933లో ఆ సంఘానికి రాజశాసనం లభించినది. 1936 జనవరిలో అయిదవ జార్జి మరణించినప్పుడు ఆయన స్మారకంగా విగ్రహాలతో సరిపెట్టక, ప్రజల చందాలతో ఊరూరా ఆటస్థలాలు ఏర్పరచాలని నిశ్చయించారు. అట్లా ఏర్పడినవి 471. ప్రతి మైదానం ద్వారం దగ్గరా రాజచిహ్నాలు చెక్కిన ఫలకాలు పెట్టారు. ఆ తరువాత ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్ 1949 నుంచి 2013 వరకు, అంటే అరవైనాలుగేళ్ళు, ఆ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఆయన తరువాత మనుమడు విలియం ఆ పదవి స్వీకరించారు. 2012లో రాణిగారి వజ్రోత్సవానికి మళ్ళీ ఆమె పేరిట మైదానాలను ఆ సంఘపు రక్షణలోకి తెచ్చారు.

పోల్చి చూడండి. 1936లోనే మన ఏడవ నిజాము పాలనకు ఇరవై అయిదేళ్ళు నిండినవి. 1937 ఫిబ్రవరిలో రజతోత్సవాలు ఘనంగా జరిగినవి. ఆ వేడుకలకు వేదిక బాగె ఆమ్‌లోని జూబిలీ హాలే. అక్కడ రాజు స్మారకం మైదానాలైనవి. ఇక్కడ రాజు ఉత్సవం తోటలోని హాలులో జరిగినది. నిజామును చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. 1908 మూసీ వరద తరువాత నగరాభివృద్ధి మండలిని నెలకొల్పి ఊరిని తీర్చిదిద్దినది ఆయన ప్రభుత్వమే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ త్రవ్వించినది ఆయన కాలంలోనే. రాజ్యం పోయిన తరువాత కూడా ధర్మనిధులు నెలకొల్పారు. ఈనాటి నిమ్స్ ఆసుపత్రికి మూలమైన ఎముకల వైద్యశాల ఆ దాతృత్వ ఫలమే. ఆసుపత్రికి ధర్మనిధి ఉన్నది, చదువుకు ధర్మనిధి ఉన్నది. బాగె ఆమ్ మాత్రం సర్కారువారి తోటగా ఉండి, ఒక సర్కారు నుంచి మరొక సర్కారు చేతికి వచ్చినది. ఏ సర్కారుకైనా స్థలం అవసరాలు ఉంటాయి గదా!

ఆంగ్లేయుల పద్ధతిలో కిటుకు ఏమిటంటే, ఆ సంఘం మైదానాలన్నిటినీ తానే కొనుక్కోదు. మైదానం ఊరి పురపాలక సంఘానిదే. గడ్డి కోయించేదీ, దీపాలు పెట్టేదీ వారే. కాని ఇది ఎప్పటికీ ఆటలకే అని ఒక సమర్పణ దస్తావేజు వ్రాసి ధర్మసంస్థ చేతికి ఇస్తారు. ఆ తరువాత పురపాలకులు మారినా, పార్టీలు మారినా, ఆ సంస్థ అనుమతి లేకుండా దానిని అమ్మడానికి గాని, వేరే పనికి మరల్చడానికి గాని వీలులేదు. యజమాని ఒకరు, కావలి మరొకరు. యజమానికి ఎంత మంచి ఆలోచన వచ్చినా కావలివాడిని అడగాలి. రాజకుటుంబం అక్కడ భూదాత కాదు. తన పేరును, పలుకుబడిని కావలివాడికి అండగా ఇచ్చినది. మన శాసనాల భాషలో చెప్పాలంటే దానం కాదు, దానపాలనం. అక్కడ కూడా దస్తావేజు లేని బడి మైదానాలు ఎన్నో అమ్ముడుపోయినవి. ఆ సంగతి దస్తావేజు విలువను మరింత చాటుతున్నది.

మనకు రాజులు లేరు, ఉండవలసిన పని కూడా లేదు. మరి కావలి ఎవరు? కొంతవరకు న్యాయస్థానాలు ఆ పని చేసినవి. 1991లో సుప్రీంకోర్టు తీర్చిన ముద్దప్ప వ్యాజ్యం తెలుసుకోదగినది. బెంగుళూరులో ఒక లేఅవుటులో పార్కుకని కేటాయించిన స్థలాన్ని అభివృద్ధి సంస్థవారు ఒక వైద్య ధర్మసంస్థకు ఆసుపత్రి కోసం ఇచ్చారు. ఆ వీధివాసులు కోర్టుకెక్కారు. ఆసుపత్రికి అడ్డుపడుతున్నారన్న అపవాదును ఊహించండి! అయినా న్యాయమూర్తులు పౌరుల పక్షాన నిలిచి కేటాయింపును కొట్టివేశారు. ఆసుపత్రి అవసరమే కావచ్చు, అది పార్కుకు మారు కాజాలదన్నది ఆ తీర్పు సారం. సత్కార్యానికి తోటను బలి ఇవ్వనక్కరలేదని మన దేశంలో అత్యున్నత న్యాయస్థానమే చెప్పినది.

తిరిగి కె.బి.ఆర్. పార్కు గోడ దగ్గరకు వద్దాము. 2016లో ఆ ఉద్యానవనం చుట్టూ ఉన్న కూడళ్ళలో పైవంతెనలు నిర్మించే పథకం వచ్చినది. దారి కోసం చెట్లు కొట్టవలసి ఉన్నదన్నారు. నడకకు వచ్చినవారే నిరసనకారులైనారు. జాతీయ హరిత ధర్మాసనం దాకా వెళ్ళారు. ఆ ఏడాదే చెట్ల నరికివేతను ధర్మాసనం నిలుపుదల చేసినది. 2020లో కేంద్రం ఆ వనం చుట్టూ పర్యావరణ సున్నిత మండలాన్ని ప్రకటించినది. దాని వెడల్పు కొన్ని చోట్ల మూడు మీటర్లు, ఎక్కడ ఎక్కువనుకున్నా ముప్పై మీటర్ల లోపే. మూడు మీటర్లంటే మా ఇంటి పంచ వెడల్పు. 2024లో వంతెనలు, కింది దారుల పథకం కొత్త పేరుతో, ఎనిమిది వందల కోట్ల పైచిలుకు అంచనాతో మరల ముందుకు వచ్చినది. మళ్ళీ నిరసనలు, మళ్ళీ కోర్టు.

వంతెన చెడ్డదా? కాదు. ఆ కూడలిలో సాయంత్రం అరగంట ఇరుక్కున్నవాడిని, దాని అవసరం నాకూ తెలుసు. పక్కనే ఉన్న క్యాన్సరు ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్ళే వాహనం ఆగిపోతే ఎంత క్షోభ! అది కూడా సత్కార్యమే. అందుకే ప్రమాదం. బాగె ఆమ్‌లోకి టౌనుహాలు వచ్చినప్పుడూ, పీపుల్స్ పార్కులోకి విక్టోరియా హాలు వచ్చినప్పుడూ ఇటువంటి మంచి కారణమే ఉన్నది. తేడా ఏమిటంటే, వాటికి కావలి లేదు. దీనికి ఒక చట్టం, ఒక ధర్మాసనం, పొద్దున్నే నడకకు వచ్చే కొన్ని వందలమంది ఉన్నారు. మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన ప్రాథమిక విధుల్లో అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను కాపాడటం ప్రతి పౌరుడి విధి అని ఉన్నది. శాసనంలో రాజుకు చెప్పిన పాలనధర్మం రాజ్యాంగంలో మనకు సంక్రమించినది. రాజులు పోయినా ఆ బరువు పోలేదు.

చివర చెబుతానన్న సంగతి ఇప్పుడు మనవి చేయాలి. నేను ఉద్యోగం చేసిన ఊళ్ళలో ఒకదాని పేరు చెప్పను. అక్కడి బడికి అయిదెకరాల మైదానం ఉండేది. ఒకనాటి జమీందారు కుటుంబం పిల్లలు ఆడుకోవడానికి నోటిమాటగా ఇచ్చినదని పెద్దలు చెప్పేవారు. అంచున నాలుగు చింతచెట్లు, మధ్యలో కబడ్డీ కోర్టు. ఒక సంవత్సరం, వీధి వైపు సగం స్థలంలో దుకాణాల సముదాయం కడితే అద్దెలతో బడి పైకప్పు బాగుచేయవచ్చునన్న ప్రతిపాదన వచ్చినది. బడి పైకప్పు నిజంగానే కారుతున్నది. వర్షాకాలంలో నా తరగతికే గొడుగు కావలసి వచ్చేది. ఉపాధ్యాయుల సమావేశంలో నన్నూ అడిగారు. మంచి ఆలోచనే అన్నాను. చేవ్రాలు కూడా చేశాను.

దుకాణాలు లేచినవి. కప్పు ఒక వేసవిలో బాగుపడినది, నాలుగేళ్ళకు మళ్ళీ కారినది. అద్దెలు ఎటు పోయినవో అడిగేవారు లేరు. కబడ్డీ కోర్టు మురుగుకాలువ పక్కకు జరిగినది. చింతచెట్లు పోయినవి. ఒకరోజు దానశాసనం పాఠం చెబుతున్నాను. దానం కన్న పాలనం గొప్పదన్న మాట దగ్గర ఆగి వివరిస్తుంటే, వెనుక వరుసలోని ఆటగాడొకడు లేచి, "మాస్టారూ, మరి మన గ్రౌండు ఎవరిచ్చారండీ?" అని అడిగాడు. వాడిలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. నేను దాత పేరు చెప్పి కూర్చోమన్నాను. ఎవరిచ్చారని వాడడిగాడు గాని, ఎవరు కాపాడలేదని అడగలేదు. అది నా అదృష్టం.

మనవడి ప్రశ్న కూడా అదే కావడం చేత కాబోలు, ఆనాడు ముల్లు గుచ్చుకున్నది.

అప్పుడు నేను చేయగలిగినది పెద్ద పోరాటమేమీ కాదు. ఆ నోటిమాటను కాగితం మీదకు తెచ్చి, జమీందారు వంశీయులు ఊళ్ళో ఉండగానే ఒక దస్తావేజు వ్రాయించి రిజిస్టరు చేయించి ఉంటే చాలు. భాష వచ్చినవాడిని, ఎల్లలు వ్రాయడం తెలిసినవాడిని, చేయలేదు. ఇప్పుడు ఆ కుటుంబమూ అక్కడ లేదు.

అందుచేత మిత్రులకు ఒక విన్నపం. మీ ఊళ్ళో మీరు చిన్నప్పుడు ఆడుకున్న మైదానమో, తోటో, చెరువుగట్టో ఉండే ఉంటుంది. ఈసారి పండుగకు వెళ్ళినప్పుడు రెవెన్యూ కాగితాలలో దానిని ఏమని వ్రాశారో, దస్తావేజు ఉన్నదో లేదో, ఉంటే ఎవరి దగ్గర ఉన్నదో విచారించండి. ఇచ్చినవారి పేరు ఫలకం మీద ఉన్నదా అన్నది తరువాతి సంగతి. తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తే చదివి సంతోషిస్తాను.

మనవడికి సమాధానం సరిదిద్ది చెప్పాను. వాడు అంతా విని, "అయితే కాపలా మనమేనా తాతయ్యా?" అన్నాడు. అవునన్నాను. మర్నాడు వాడు బ్యాటు చంకన పెట్టుకొని నాకన్న ముందే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అది జాతీయ వనం, అందులో క్రికెట్టు ఆడనివ్వరని చెప్పేసరికి వాడి ముఖం చిన్నబోయినది. వాడి వీధికి దగ్గరలో ఆడుకునే స్థలం ఒక్కటైనా లేఅవుటు కాగితంలో ఉన్నదేమో, ఉండి ఏమైనదో, ఈసారి హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ వెతకదలచుకున్నాను.

స్వస్తి.